పదకొండు దినాల పిలుపు

జబీన్‌కు మూడేళ్ళు నిండి నాలుగు నెలలు దాటింది. ఇంతవరకూ ఇష్రత్‌ను ఏమనీ పిలవలేదు.

అసలు మాటలే లేవని కాదు. నీళ్ళు కావాలంటే "నీ" అనేది. కిటికీ అవతల పావురాయి వాలితే "పా" అనేది. డ్యూటీ దిగి వాళ్ళ నాయన తలుపు తీస్తే "బ్బా" అని ఎదురు ఉరికేది. తల్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నోట మాట ఉండేది కాదు. వచ్చి చున్నీ కొస పట్టుకొని లాగేది. అన్నం కావాలన్నా అదే, నిద్రొచ్చినా అదే.

పిల్ల నోట పిలుపు రాలేదు గానీ, వస్తే అది ఏదై ఉండాలన్నదాని మీద ఇంట్లో అప్పుడే మూడు పార్టీలు లేచినాయి. కడపలో ఉండే అత్త సుగ్రా బేగం "అమ్మీ" అనాలనేది. వాళ్ళది తాతల కాలం నుంచీ ఉర్దూ మాట్లాడే ఇల్లు. ఇష్రత్ పుట్టింది పులివెందుల దగ్గరి పల్లెలో. ఆ ఊరి సాయిబులకు నమాజు దాటితే అంతా తెలుగే. ఆమెకు అమ్మంటే అమ్మే, వేరే మాట పెడితే అది ఎవరో పక్కింటామె అయినట్టుండేది. భర్త బాబావలి రియాద్‌లో ఒక ఆస్పత్రి స్టాఫ్ బస్సు నడిపేవాడు. రేపు ఎటూ ఇంగ్లీషు మీడియంలో వేయాల్సిన బిడ్డే గదా, ఇప్పటినుంచే "మమ్మీ" అని అలవాటు చేస్తే పోలేదా అని అతని వాదన. అత్త ఫోన్‌లోంచి, మొగుడు సోఫాలోంచి, తాను పిల్ల ఎదురుగా కూర్చొని, ముగ్గురూ మూడు మాటలు నేర్పించేవాళ్ళు. జబీన్ ముగ్గురి నోళ్ళూ మార్చి మార్చి చూసి నవ్వేది.

రియాద్‌లో వాళ్ళుండే మలాజ్ పేటలో, సందు చివరే ఉన్న క్లినిక్‌లో చూపించినారు. ఈజిప్టు డాక్టరు చెవులు పరీక్ష చేసి బాగానే వినపడుతోందన్నాడు. కొందరికి ఆలస్యమవుతుంది, ఇంట్లో ఒక్క భాషే మాట్లాడండి అని పంపించినాడు. బాబావలి ఆ మాటతో నిమ్మళపడ్డాడు. ఇష్రత్‌కు మాత్రం ఆ "ఆలస్యం" అన్న మాట గుండెలో ముల్లయి కూర్చుంది. కడుపుతో ఉండగా ఆరో నెలలో విమానం ఎక్కినందుకేమో అనుకునేది. నాలుగు గోడల మధ్య ఏసీ చప్పుడు తప్ప పిల్లకు వినేదానికి ఏముందిలే అనుకునేది. తాను ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. తొమ్మిది చదవాలంటే మూడు మైళ్ళ అవతలికి పోవాలి, ఆడపిల్లను ఒక్కదాన్నే ఎవరు పంపిస్తారు అని నిలిపేసినారు. తనకే మాటలు తక్కువ, ఆ ఉన్న కాసిని మాటలూ బిడ్డకు చాలలేదేమో అని కూడా అనుకునేది.

దినమూ సాయంత్రం అసర్ నమాజు అయినాక అత్త వీడియో కాల్ చేసేది. సలాం తర్వాత మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"పిలిచిందా?"

"ఇంకా లేదత్తా."

ఇట్లుండగా పై అంతస్తులోకి ఒక ఇంగ్లీషు నర్సు దిగింది. బాబావలి బస్సులోనే డ్యూటీకి పోయేది. బస్సులో అందరూ ఆమెను సిస్టర్ అనేవాళ్ళు గనక ఇంట్లో కూడా ఆమె పేరు సిస్టరే అయింది. ఆమె భర్త తబూక్ అనే దూరపు ఊర్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉద్యోగం చేస్తూ నెలకొకసారి వచ్చిపోయేవాడు. వాళ్ళకు నాలుగేళ్ళ కూతురు. పొద్దున నర్సరీకి పోయి పన్నెండింటికి వచ్చేస్తుంది, తల్లి రావాలంటే సాయంత్రం ఏడవుతుంది. ఆ నడిమధ్య గంటలు పిల్లను చూసుకుంటారా అని సిస్టర్ బాబావలిని అడిగింది. ఇఖామా అనే నివాస కార్డులో ఇష్రత్ డిపెండెంటు, ఉద్యోగం చేయకూడదు. ఇది ఉద్యోగమేంది, ఇరుగుపొరుగు సాయమే గదా అని ఇద్దరూ ఒప్పుకున్నారు. నిజానికి ఇష్రత్ ఒప్పుకున్నది వేరే ఆశతో. గలగలా మాట్లాడే పిల్ల ఒకటి ఇంట్లో తిరిగితే, దాన్ని చూసి జబీన్‌కు నోరు కదులుతుందేమో అని.

ఆ పిల్ల పేరు వినగానే ఇష్రత్ చెంపలు వేసుకుంది. పాపీ అంట. అదొక పువ్వు పేరని బాబావలి చెప్పినా ఆమెకు మింగుడు పడలేదు. ఏ తల్లయినా కన్నబిడ్డను పాపీ, పాపీ అని పిలుస్తుందా. తన నోటితో ఆ మాట అనలేక మొదటిరోజు నుంచే "పాపా" అని పిలిచేది. ఆ పిల్ల కూడా పలికేది.

రాగి జుట్టు, ముక్కు మీద చుక్కలు, ఒక్క నిమిషం ఊరుకోని నోరు. పాపీ మాట్లాడుతుంటే జబీన్ నోరు తెరుచుకొని వినేది. ఆ పిల్ల ఎక్కడికి పోతే అక్కడికి పోయేది. సోఫా మీదినుంచి అది దూకితే ఇదీ దూకేది. ఇష్రత్‌కు ఆ పిల్ల మాటల్లో పదిలో ఒకటి కూడా అర్థమయ్యేది కాదు. ఒక్క మాట మాత్రం మొదటి వారమే పట్టుకుంది. సాయంత్రం తలుపు గంట మోగగానే పాపీ చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికి "మ్యామ్" అని అరుస్తూ తల్లి కాళ్ళను చుట్టేసుకునేది.

ఆ మాట ఇష్రత్‌కు తెలియనిది కాదు. బళ్ళో సోషల్ టీచరు ఆలస్యంగా వచ్చిన పిల్లలను గడప బయటే నిలబెట్టేది. "మే ఐ కమిన్ మ్యామ్" అని చేయి చాపి అడగాలి. ఆమె తలెత్తి చూసేదాకా అట్లే నిలబడాలి. పశువులకు గడ్డి వేసి వచ్చేసరికి ఇష్రత్‌కు దినమూ ఆలస్యమయ్యేది. ఆ మాట ఆమె ఎన్నిసార్లు అని ఉంటుందో.

కన్నబిడ్డ చేత మ్యాడమ్ అనిపించుకునేదేంది అని ఆమె మొగుడి దగ్గర ముక్కున వేలేసుకుంది. బాబావలి నవ్వినాడు.

"ఈ ఊర్లో పనిచేసే ఆడోళ్ళు ఇంటి మ్యాడమ్‌ను పట్టుకొని 'మామా' అంటారు, అంటే అరబ్బీలో అమ్మా అని. వీళ్ళేమో తల్లిని పట్టుకొని మ్యాడమ్ అంటాండారు. అంతా తలకిందుల యవ్వారం మే ఇది."

ఆమెకు ఇంకా ఏదన్నా అనుమానం మిగిలి ఉంటే అది మార్చి నెలలో తీరిపోయింది. పాపీ గౌను మరిచిపోయిందని సిస్టర్ ఇచ్చిన తాళంచెవితో పైకి పోయి తెస్తుంటే, వాళ్ళ ఫ్రిజ్ తలుపు మీద ఒక కార్డు కనబడింది. గులాబీ పూల బొమ్మ, పైన పెద్ద అక్షరాలు. అది అమ్మలకు ఇచ్చే కార్డని ఇష్రత్‌కు తెలుసు, కింద అంగడిలో కట్టలు కట్టలు పెట్టి అమ్ముతున్నారు. అచ్చులో ఎం, యు, ఎం అని ఉంది. ఆ నడిమి అక్షరం మీద ఎవరో నల్ల పెన్నుతో గట్టిగా దిద్ది 'ఎ' చేసినారు. ఇష్రత్ అక్షరం అక్షరం కూడబలుక్కుంది. ఎం, ఎ, ఎం. లీవు లెటర్ల పైన "రెస్పెక్టెడ్ మ్యామ్" అని తాను రాసిన స్పెల్లింగే అది. అమ్మ అని అచ్చేసిన దాన్ని కొట్టేసి మరీ మ్యాడమ్ అని రాయించుకుందే ఈమె, ఎంత గర్వం, అనుకుంది. సిస్టర్ కనబడినప్పుడల్లా నవ్వుతూ పలకరించే మనిషే. ఆ రోజు నుంచి ఆ నవ్వు కూడా ఇష్రత్‌కు వేరేగా కనబడింది.

ఆ తర్వాత వారం రోజులకు జబీన్ పిలిచింది.

మధ్యాహ్నం. ఇష్రత్ వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతోంది. పాపీ ముందుగదిలో నిద్రపోతోంది. జబీన్ వంటింటి గడపలో నిలబడింది. చేతిలో మూత ఊడని డబ్బా. ఎప్పటిలాగా వచ్చి చున్నీ లాగలేదు. అక్కడే నిలబడి తల్లి ముఖంలోకి సూటిగా చూసి, స్పష్టంగా, పెదవులు రెండూ గట్టిగా మూసి ముగిస్తూ, "మ్యామ్" అనింది.

ఇష్రత్ చేతులు పిండిలో ఆగిపోయినాయి. బిడ్డ తననే చూస్తోంది, తననే పిలుస్తోంది. మరుక్షణం ఆ మాట ఏమిటో చెవికెక్కింది. మూడేళ్ళు ఎదురుచూస్తే గడప బయట నిలబడి పర్మిషన్ అడిగే మాట. తన బిడ్డ తన దగ్గరికి వచ్చేదానికి.

"మ్యామ్ కాదు జబీనా. అమ్మ. అ, మ్మ."

"మ్యామ్," అని జబీన్ డబ్బా ముందుకు చాపింది. ఆ పిల్ల ముఖంలో ఎంత సంతోషం ఉండిందో ఇష్రత్‌కు తర్వాత, చాలా తర్వాత గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం అత్త కాల్‌లో ఉండగానే జబీన్ మళ్ళీ అనింది. సుగ్రా బేగం ముఖం ఫోన్ నిండా వచ్చేసింది. ఏమనింది, ఏమనింది అని రెండుసార్లు అడిగింది.

"తల్లిని టీచరమ్మను పిలిచినట్టు పిలుస్తాందే ఈ పిల్ల. నువ్వు ఆ దొరసాని బిడ్డకు ఆయా పని చేస్తావుంటే ఇంగేం నేర్చుకుంటాది. రేపు ఊరికొస్తే నలుగురిలో ఇట్లే పిలిపించుకుంటావా?"

ఇష్రత్‌కు తల కొట్టేసినట్టయింది. తప్పుడు మాట నాటుకుపోతే పీకడం కష్టమని, ఇప్పుడే తుంచేయాలని మనసులో అనుకుంది. ఎవరూ చెప్పలేదు, తనే అనుకుంది. మరుసటి దినం నుంచి ఆ మాటతో పిలిస్తే పలకడం మానేసింది. జబీన్ "మ్యామ్" అంటే విననట్టు గిన్నెలు కడుక్కునేది. దగ్గరికొచ్చి అంటే తల అడ్డంగా ఊపేది. నీళ్ళ గ్లాసు ఎత్తి పట్టుకొని, "అమ్మ అను, ఇస్తా" అనేది. పిల్ల గ్లాసు వైపు చూసేది, తల్లి వైపు చూసేది. గుటక మింగి, తప్పు ఎక్కడుందో తెలియనట్టు ఇంకొంచెం గట్టిగా "మ్యామ్" అనేది.

జబీన్ అంత తొందరగా వదిలిపెట్టలేదు. పొద్దున లేస్తూనే అనేది. స్నానాల గదిలోంచి అనేది. మెట్ల మీద చేయి పట్టుకొని దిగుతూ ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్కసారి అనేది. బాబావలి పోనీలే మే, ఏదో ఒకటి నోరు తెరిచింది గదా అన్నాడు. ఇష్రత్ వినలేదు. నిన్ను నాయనా అనకుండా డ్రైవర్ అంటే తెలిసేది అనింది.

పదకొండో దినం అత్త కొంచెం ఎక్కువే అనింది. ఫోన్ పెట్టేసినాక ఇష్రత్ బట్టలు మడతపెడుతూ కూర్చుంది. జబీన్ అలమారా పైనున్న బంతి కోసం వచ్చి నిలబడింది. మ్యామ్ అనింది. ఇష్రత్ చూడలేదు. మ్యామ్, మ్యామ్ అని మోకాలు తట్టింది. ఇష్రత్ చెయ్యి లేచింది. గట్టిగా కొట్టలేదు. నోటి మీద రెండు వేళ్ళతో ఒక్క దెబ్బ, అంతే.

జబీన్ ఏడవలేదు కూడా. నోరు మూసుకొని పోయి సోఫా పక్కన కూర్చుంది. మరుసటి దినం పొద్దున లేచి వచ్చి చున్నీ లాగింది.

నెల దాటింది. ఒక శుక్రవారం సాయంత్రం సిస్టర్ కిందికి వచ్చింది. ఒక అట్టపెట్టె నిండా పాపీ ఆటవస్తువులు. తబూక్‌లోనే ఒక ఆస్పత్రిలో ఉద్యోగం దొరికిందని, ఎల్లుండి పొద్దున విమానమని చెప్పింది. బాబావలి ఇంట్లోనే ఉన్నాడు గనక మాటలు అటూ ఇటూ అందిస్తూ ఉన్నాడు. ఇష్రత్ టీ పెట్టింది. పిల్లలిద్దరూ పెట్టె కుమ్మరించుకొని కూర్చున్నారు. పోయే మనిషి మీద ఇంక కోపమెందుకులే అని ఇష్రత్ తనకొచ్చిన ఇంగ్లీషులోనే ఒక మంచిమాట అనబోయింది.

"పాప గుడ్ గర్ల్. వెరీ రెస్పెక్ట్. ఆల్వేస్ మదర్‌ను మ్యాడమ్, మ్యాడమ్."

సిస్టర్‌కు అర్థం కాలేదు. బాబావలి వివరం చెప్పినాడు. విని ఆమె టీ కప్పు కింద పెట్టి పగలబడి నవ్వింది. నవ్వు ఆగినాక నిదానంగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. బాబావలి వింటూ ఇటు తిరిగినాడు.

"మ్యాడమ్ కాదంట మే. వాళ్ళ ఊర్లో అమ్మకు మాటే అదంట."

వాళ్ళది ఇంగ్లండులో పైభాగం, సముద్రం ఒడ్డున ఒకప్పుడు ఓడలు కట్టే ఊరు. పేరు సండర్లాండ్. లండన్ వైపు వాళ్ళు మమ్ అంటారట. బర్మింగ్‌హామ్ వైపు మామ్ అంటారట. ఆమె నాయన తల్లి ఐర్లండు మనిషి, వాళ్ళు ముసలితనంలో కూడా మ్యామీ అనే అంటారట. వాళ్ళ ఊర్లో మాత్రం మ్యామ్. వాళ్ళమ్మ వాళ్ళమ్మను అట్లే పిలిచింది, సిస్టర్ వాళ్ళమ్మను అట్లే పిలిచింది. కార్డులు అచ్చేసేవాళ్ళకు లండన్ మాట ఒకటే తెలుసు, ఏ అంగట్లోనూ మా మాట దొరకదు, అందుకే ఏటా కొని ఆ ఒక్క అక్షరం దిద్దుకుంటాం అని చెప్పింది. నర్సరీలో టీచరు పాపీని మ్యామ్ అనొద్దు, మమ్మీ అను అని దిద్దబోతే, సెలవు పెట్టి మరీ పోయి గొడవ పడిందట. నా బిడ్డ నన్ను ఏమని పిలవాలో మీరెవరు చెప్పేదానికి అని.

బాబావలి చెబుతూ పోతున్నాడు. ఇష్రత్ చేతిలో బిస్కెట్ల పళ్ళెం ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా ఆమెకు తోచలేదు.

సిస్టర్ జబీన్ వైపు చూసి ఇంకో రెండు మాటలు అనింది. ఆ మాటలకు బాబావలి ముఖం మారింది. అతను ఇటు తిరగలేదు.

"ఏమనింది?"

"ఏం లేదు. పోయొస్తానంటాంది."

సిస్టర్ లేచి ఇష్రత్‌ను దగ్గరికి తీసుకొని వీపు తట్టింది. పాపీ పోతూ పోతూ జబీన్ బుగ్గ మీద ముద్దు పెట్టింది. తలుపు మూసుకున్నాక ఇష్రత్ పళ్ళెం కింద పెట్టి మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఇదో, ఆమె ఏమనిందో చెప్పు."

అతను గడ్డం రుద్దుకున్నాడు.

"పోయిన నెలలో మెట్ల కాడ వినిందంట. జబీను నీ చెయ్యి పట్టుకొని మ్యామ్, మ్యామ్ అంటా దిగుతాంటే. ఊరు విడిచి నాలుగేండ్లయింది, పాపీ గాక ఇంకో బిడ్డ నోట ఆ మాట వినేసరికి మెట్ల మీద అట్లే నిలబడిపోయినా అనింది."

"ఇంకా?"

"నీ బిడ్డ నిన్ను అమ్మా అని ఎంత ముద్దుగా పిలుస్తాదో అనింది."

ఇష్రత్ పోయి పిల్ల పక్కన కింద కూర్చుంది. జబీన్ ఆటవస్తువుల్లోంచి ఒక్కొక్కటీ తీసి వరసగా పెడుతోంది. ఇష్రత్ దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకొని, తన గుండె మీద వేలు పెట్టుకొని చూపించి, "మ్యామ్" అనింది. ఇంకోసారి అనింది. "అను తల్లీ. మ్యామ్. నేనే. నేనే మ్యామ్." జబీన్ కళ్ళార్పకుండా చూసి, తల తిప్పుకొని బొమ్మల వైపు చూసింది.

మరుసటి దినమంతా అడిగింది. బువ్వ పెడుతూ అడిగింది, తల దువ్వుతూ అడిగింది. ఆ పిల్ల పెదవులు కదలలేదు.

ఆదివారం పొద్దున వాళ్ళు వెళ్ళిపోయినారు. సామాన్లు దించిన చప్పుడు, లిఫ్టు తలుపుల చప్పుడు అన్నీ వినబడినాయి. సాయంత్రం, ఎప్పుడూ సిస్టర్ గంట కొట్టే వేళకు కొంచెం ముందు, ఇష్రత్ ఇంకొక్కసారి అనుకొని పిల్లను ఎదురుగా నిలబెట్టుకొని "మ్యామ్" అనింది.

ఈసారి జబీన్ ముఖం వెలిగింది. గబగబా పోయి చెప్పులు తెచ్చుకుంది. ఎడమది కుడికాలికి వేసుకొని, తలుపు దగ్గర నిలబడి, పైకి చేయి చూపించింది. ఇష్రత్‌కు అప్పుడు అర్థమైంది. ఆ మాట ఇప్పుడు తనది కాదు. పై ఇంటి మనిషిది. ఆ మాట వినబడిందంటే ఆమె వచ్చినట్టు, పాపీ ఉన్నట్టు.

వద్దని చెప్పలేకపోయింది. తలుపు తీసి పిల్లను చేయి పట్టుకొని మెట్లు ఎక్కించింది. పై ఇంటికి తాళం వేసి ఉంది. గడప ముందు ఒక ఖాళీ అట్టపెట్టె, టేపు ముక్కలు. జబీన్ అరచేత్తో తలుపు తట్టింది. ఆగి చెవి పెట్టి వినింది. మళ్ళీ తట్టింది. ఇష్రత్ పక్కనే గోడకు ఆనుకొని కూర్చుంది, లాక్కొని పోలేదు. చాలాసేపటికి పిల్ల అలిసిపోయి తనే వచ్చి ఒళ్ళో పడుకుంది.

జేబులో ఫోన్ మోగింది. అత్త. ఆ రోజు అసర్‌కు కరెంటు లేక చేయలేదని, ఇప్పుడే వచ్చిందని చెప్పింది. అంతా చీకటిగా ఉందేంది, యాడున్నావు అని అడిగింది. తర్వాత అడగాల్సింది అడిగింది.

"పిలిచిందా?"

ఇష్రత్ ఒళ్ళో పిల్ల నెత్తి మీద చేయి పెట్టుకుంది.

"పిలిచిందత్తా. పదకొండు దినాలు పిలిచింది. నేనే పలకలేదు."

సుగ్రా బేగంకు ఏమీ అర్థం కాలేదు. మాట సరిగా వినపడటం లేదని, ఇంకోసారి చెప్పమని అడిగింది. ఇష్రత్ ఇంకోసారి చెప్పింది.